పెద్దవారిలో గొంతు లోతు చీముగడ్డలు

గొంతు గోడకు అవతల, మెడ కండరాలకూ పెద్ద రక్తనాళాలకూ వెన్నుపూసలకూ నడుమ ఉండే సందుల్లో చీము చేరితే దాన్ని గొంతు లోతు చీముగడ్డ అంటారు. చర్మం మీద లేచే సెగగడ్డ కంటికి కనిపిస్తుంది, పండుతుంది, చిట్లి కారిపోతుంది. ఇది అలా బయటపడదు. పైకి దారి లేక లోపలికీ కిందికీ పాకుతుంది. నోరు తెరిపించి చూస్తే గొంతు కాస్త ఎర్రగా ఉందంతే అనిపించవచ్చు. వాపు మెడ మీదికి తేలేసరికి గాలి దారి ఇరుకైపోయి ఉండవచ్చు. యాంటీబయాటిక్స్ వచ్చాక ఈ జబ్బు తగ్గింది గాని పోలేదు. మధుమేహం ఉన్నవారిలో, పుచ్చిపన్నును నెలల తరబడి నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చేవారిలో ఇప్పటికీ ప్రాణం మీదికి తెస్తుంది.

పిల్లల్లో వచ్చేదీ పెద్దల్లో వచ్చేదీ పేరుకు ఒకటే అయినా పుట్టుక వేరు. పసిపిల్లల్లో గొంతు వెనక గోడ వెంబడి లింఫు గ్రంథులు ఉంటాయి. జలుబు, చెవిపోటు వచ్చినప్పుడు అవి వాచి చీము పడతాయి. ఐదారేళ్ళు నిండేసరికి ఆ గ్రంథులు చాలావరకు కుంచించుకుపోతాయి. కాబట్టి పెద్దవారిలో గొంతు వెనక చీము కనిపిస్తే జలుబు వల్ల వచ్చిందని సరిపెట్టుకోవడానికి లేదు. గుచ్చుకున్న ముల్లో, పంటి చీమో, వెన్నుపూసకు పట్టిన క్షయో, అరుదుగా కేన్సరో దాని వెనక ఉంటుంది. పెద్దల్లో చీము తీయడం సగం వైద్యమైతే, అది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడం మిగతా సగం.

చీము నడిచే దారులు

మెడలోని కండరాలనూ నాళాలనూ పలచని, గట్టి పొరలు చుట్టి ఉంచుతాయి. వాటిని ఫేషియా అంటారు. పొరకూ పొరకూ మధ్య మామూలుగా ఖాళీ ఉండదు. చీము చేరినప్పుడే అవి విడిపోయి గదులవుతాయి. ఏ గదిలో పుట్టిన చీము ఏ గదిలోకి పోతుందో తెలియకుండా ఈ జబ్బు అర్థం కాదు.

ముందుగా చెప్పుకోవలసింది టాన్సిల్ చుట్టూ చేరే చీము. డాక్టర్లు క్విన్సీ అనే ఈ గడ్డ టాన్సిల్‌కూ దాని వెనక కండరానికీ మధ్య పుడుతుంది. పెద్దల్లో అన్నిటికంటే తరచుగా కనిపించేదీ, కాస్త తేలిగ్గా లొంగేదీ ఇదే. ఆ కండరాన్ని దాటితే గొంతు పక్క గది, అంటే పారాఫారింజియల్ స్పేస్. కెరోటిడ్ ధమని, జుగులార్ సిర, వేగస్ నరం అక్కడి నుంచే కిందికి దిగుతాయి. వాటిని చుట్టిన తొడుగు వెంట చీము పుర్రె అడుగు నుంచి ఛాతీ దాకా ప్రయాణించగలదు. హారిస్ మోషర్ అనే అమెరికన్ సర్జన్ 1929లో ఆ తొడుగును మెడకు లింకన్ హైవే అన్నాడు. అమెరికాను ఆ కొస నుంచి ఈ కొసకు కలిపిన తొలి రహదారి పేరది. ఈఎన్‌టీ విద్యార్థులు ఇప్పటికీ ఆ పేరుతోనే దాన్ని గుర్తుపెట్టుకుంటారు.

గొంతు వెనక, వెన్నుపూసల ముందు, ఒకదాని వెనక ఒకటిగా మూడు గదులున్నాయి. మొదటిది ఛాతీ పైభాగంలోనే ముగుస్తుంది. రెండోదాన్ని గ్రొడిన్‌స్కీ, హోలియోక్ 1938లో విడిగా వర్ణించారు. అడ్డూ అదుపూ లేకుండా డయాఫ్రం దాకా దిగిపోతుంది కనుక దానికి డేంజర్ స్పేస్ అనే పేరు స్థిరపడింది. మూడోది వెన్నుపూసలకు ఆనుకుని నడుము కిందిదాకా సాగుతుంది. క్షయ చీము ఎక్కువగా తిరిగేది అందులోనే.

దవడ కింది గదుల సంగతి పంటివేళ్ళతో ముడిపడి ఉంది. కింది దవడ లోపలి వైపు మైలోహయాయిడ్ అనే కండరం అతుక్కునే గీత ఒకటి ఏటవాలుగా ఉంటుంది. ముందుపళ్ళ వేళ్ళు ఆ గీతకు పైనే ఆగిపోతాయి. రెండో, మూడో దవడపళ్ళ వేళ్ళు దాన్ని దాటి కిందికి దిగుతాయి. అందువల్ల ముందుపంటి చీము నాలుక కిందికి చేరితే, వెనకపంటి చీము నేరుగా దవడ కిందికి, మెడలోకి జారుతుంది. రెండు వైపులా రెండు గదులూ ఒకేసారి వాస్తే లుడ్‌విగ్స్ ఆంజైనా అంటారు. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో వైద్యం చేసిన విల్‌హెల్మ్ ఫ్రెడరిక్ ఫాన్ లుడ్‌విగ్ 1836లో దీన్ని వర్ణించాడు. గడ్డం కింద చెక్కను తాకినట్టు గట్టిగా తగులుతుంది. నాలుక అంగిలికేసి లేచి వెనక్కి నెట్టుకుపోతుంది, రోగి నోరు మూయలేడు. ఇందులో మొదట చీము తక్కువ, వాపే ఎక్కువ. ఊపిరాడక మనిషి పోయేది ఆ వాపు వల్లనే. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఇది సోకినవారిలో సగానికి పైగా చనిపోయేవారు.

కారణాలు

ఇరవయ్యో శతాబ్దం తొలిసగంలో ఈ గడ్డలకు మూలం ఎక్కువగా టాన్సిల్స్, గొంతునొప్పులే. ఇప్పుడు చాలా దేశాల్లో పెద్దవారి జాబితాలో మొదటి స్థానం పంటిది. జ్ఞానదంతం చుట్టూ చిగురు వాయడం, పుచ్చు గుజ్జుదాకా దిగడం, సగం తీసి వదిలేసిన వేరు ముక్క, ఇవే మామూలు కథలు. లాలాజల గ్రంథి నాళంలో రాయి అడ్డుపడటం, ఎండోస్కోపీలో గొంతుకు తగిలిన గాయం, పుట్టుకతో ఉన్న మెడ తిత్తికి చీము పట్టడం తరవాతి వరసలో ఉంటాయి. కొందరిలో ఎంత వెతికినా మూలం దొరకదు.

చేపముల్లు సంగతి విడిగా చెప్పాలి. పులస వంటి ముళ్ళచేప తినే గోదావరి ప్రాంతంలో ముల్లు గుచ్చుకుంటే పెద్ద అన్నం ముద్ద నమలకుండా మింగమంటారు. ముల్లు పైపైన ఉంటే ఒక్కోసారి జారిపోతుంది నిజమే. కొన దిగి ఉంటే మాత్రం ఆ ముద్ద దాన్ని మరింత లోపలికి నెడుతుంది. ముల్లు దిగిన రెండు మూడు రోజుల తరవాత జ్వరం, మెడ బిగుసుకోవడం మొదలైతే ముల్లు గొంతు గోడను దాటిందనే అనుమానించాలి. సన్న ముళ్ళు మామూలు ఎక్స్‌రేలో తరచు కనిపించవు.

చీములో సాధారణంగా ఒక్క సూక్ష్మజీవి ఉండదు. నోటిలో కాపురం ఉండే స్ట్రెప్టోకాకస్‌లు, ప్రాణవాయువు అక్కర్లేని ప్రివోటెల్లా, ఫ్యూసోబ్యాక్టీరియం జాతులు కలిసి ఉంటాయి. స్టెఫైలోకాకస్ ఆరియస్ కొన్నిసార్లు తోడవుతుంది. మధుమేహం ఉన్నవారిలో క్లెబ్సియెల్లా న్యుమోనియే ఎక్కువగా దొరకడం ఆసియా దేశాల ఆసుపత్రుల్లో పదేపదే గమనించిన విషయం. తెలుగునాట మధుమేహం ఇంటింటి మాట అయిపోయింది కనుక ఇక్కడి డాక్టర్లు దీన్ని మొదటి రోజే లెక్కలోకి తీసుకోవాలి. షుగరు ఉందని తెలియనివారికి ఆ సంగతి మొదట బయటపడేది ఒక్కోసారి ఈ గడ్డతోనే. బురదనేలల్లో ఉండే మెలియాయిడోసిస్ సూక్ష్మజీవి కూడా అరుదుగా మెడ గడ్డలకు కారణమవుతుంది. ల్యాబులో దాన్ని సూడోమోనాస్‌గా పొరబడే అవకాశం ఉంది. అలా పొరబడితే మందు తప్పుతుంది, జబ్బు తిరగబెడుతుంది.

లక్షణాలు

గొంతునొప్పి, జ్వరం, మింగలేకపోవడం చాలామందిలో ఉంటాయి. వీటితో టాన్సిలైటిస్‌నూ గడ్డనూ వేరుచేయలేం. వేరుచేసేవి మరికొన్ని. నొప్పి ఒక పక్కకే పట్టి రోజురోజుకూ పెరగడం, ఉమ్మి కూడా మింగలేక బయటికి కారడం, నోట్లో వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు గొంతు ముద్దముద్దగా మారడం, మెడ ఒక పక్కకు వాలిపోవడం. నోరు రెండు వేళ్ళ వెడల్పు కూడా తెరుచుకోకపోతే నమిలే కండరాల దాకా వాపు చేరిందని అర్థం. క్విన్సీలో అంగిలి ఒక పక్కన ఉబికి కొండనాలుక అవతలి పక్కకు తోసుకుపోతుంది. గొంతు పక్క గదిలో గడ్డ ఉంటే టాన్సిల్ మొత్తంగా లోపలికి నెట్టినట్టు కనిపిస్తుంది, దవడ మూల కింద వాపు తగులుతుంది. గొంతు వెనక గడ్డలో బయటికి ఏమీ తెలియకపోవచ్చు.

నోరు తెరుచుకోకపోవడంలో మన దగ్గర ఒక చిక్కు ఉంది. ఏళ్ళ తరబడి గుట్కా, వక్కపొడి నమిలినవారికి బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు ఎప్పటి నుంచో సగమే తెరుచుకుంటుంది. అలాంటి మనిషికి గడ్డ వచ్చినప్పుడు పాత ఇబ్బందే అనుకుని వదిలేయడమూ జరుగుతుంది, గడ్డ లేకుండానే ఉందని భయపడటమూ జరుగుతుంది. ఈ ఇబ్బంది ఎన్నాళ్ళ నుంచి అని ఒక్క ప్రశ్న వేస్తే చాలావరకు తేలిపోతుంది. దవడలు బిగుసుకున్నప్పుడు ధనుర్వాతాన్ని కూడా మనసులో ఉంచుకోవాలి. ధనుర్వాతంలో గొంతులో వాపు ఉండదు, ఒళ్ళంతా కొయ్యబారుతుంది.

ప్రమాద సూచనలు వేరు. ఊపిరి పీల్చేటప్పుడు ఈలలాంటి చప్పుడు, వెల్లకిలా పడుకోలేక ముందుకు వంగి కూర్చోవడం, కంగారు, మెడ చర్మం కింద నొక్కితే చిటపటమనడం, ఛాతీనొప్పి. వీటిలో ఏది ఉన్నా పరీక్షల వరస మారిపోతుంది. ముసలివారిలో, షుగరు ఉన్నవారిలో, స్టెరాయిడ్లు వాడేవారిలో జ్వరం అంతగా ఉండకపోవచ్చు. జ్వరం లేదు కదా అని నింపాదిగా ఉండటానికి లేదు.

గొంతునొప్పికి పోలిన జబ్బుల్లో అతి ముఖ్యమైనది ఎపిగ్లొటైటిస్, అంటే గాలిగొట్టం మీది మూత వాయడం. నోట్లో చూస్తే గొంతు దాదాపు మామూలుగా ఉంటుంది, రోగి మాత్రం ఉక్కిరిబిక్కిరవుతుంటాడు. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ 1799 డిసెంబరు 14న మౌంట్ వెర్నన్‌లో తన 67వ ఏట చనిపోయింది దీనితోనే అయ్యుంటుందని నేటి వైద్యుల్లో ఎక్కువమంది అభిప్రాయం. క్విన్సీ అన్నవారూ ఉన్నారు. ఒక్క రోజులో ఆయన ఒంటి నుంచి రెండు లీటర్లకు పైగా రక్తం తీశారని అంచనా. ముగ్గురు వైద్యుల్లో చిన్నవాడైన ఎలీషా డిక్ ఇక రక్తం తీయవద్దన్నాడు, గాలిగొట్టానికి రంధ్రం చేద్దామన్నాడు. పెద్దవాళ్ళిద్దరూ ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళ తరవాత చూస్తే జబ్బు పేరు మీద తగవు ఎలా ఉన్నా, చేయవలసిన పని గురించి డిక్ చెప్పిందే సరైనది.

కంఠసర్పిని కూడా మరవకూడదు. హైదరాబాదు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఈ కేసులను ఏళ్ళ తరబడి చూస్తూ వచ్చింది. టాన్సిల్స్ మీద బూడిదరంగు పొర, గీకితే రక్తం, ఎద్దు మెడలా ఉబ్బిన మెడ ఉంటే అది గడ్డ కాకపోవచ్చు.

నిర్ధారణ

ముక్కు గుండా సన్నని కెమెరా గొట్టాన్ని దింపి గాలి దారిని చూడటంతో పరీక్ష మొదలవ్వాలి. గొంతు వెనక గోడ ఎంత ఉబికింది, స్వరపేటిక దాకా వాపు వచ్చిందా, మత్తు డాక్టరు గొట్టం వేయడానికి దారి ఉందా అన్నవి కూర్చోబెట్టే తేల్చవచ్చు.

సీటీ సౌకర్యం లేని చోట మెడ పక్క నుంచి తీసిన ఎక్స్‌రే పనికొస్తుంది. పెద్దవారిలో రెండో మెడపూస ముందు మెత్తని కండ మందం 7 మిల్లీమీటర్లు, ఆరో పూస ముందు 22 మిల్లీమీటర్లు దాటితే గొంతు వెనక ఏదో ఉన్నట్టే. క్విన్సీని తేల్చడానికి అల్ట్రాసౌండ్ చాలు. మిగతా అన్నిటికీ ఆధారం రక్తనాళంలోకి కాంట్రాస్ట్ ఎక్కించి తీసే సీటీ స్కాన్. మధ్యలో నల్లగా, చుట్టూ తెల్లని అంచు మెరుస్తూ కనిపిస్తే చీము. గాలి బుడగలు కనిపిస్తే పరిస్థితి తీవ్రం. స్కాన్ మెడతో ఆపకుండా ఛాతీ పైభాగం దాకా తీయించడం తెలివైన పని. సీటీ కూడా అన్నీ చెప్పదు. ఇంకా చీము కాని వాపు ఒక్కోసారి గడ్డలాగే కనిపిస్తుంది, కోస్తే ఏమీ రాదు. వెన్నుపాము చుట్టూ చీము చేరిందన్న అనుమానం ఉంటే ఎంఆర్‌ఐ తీయించాలి.

సీటీ గది గురించి ఒక మాట. ఊపిరి కోసం ముందుకు వంగి కూర్చున్న రోగిని స్కాన్ బల్ల మీద వెల్లకిలా పడుకోబెడితే నాలుక, వాపు వెనక్కి పడి గాలి దారి అక్కడికక్కడే మూసుకుపోవచ్చు. పడుకోలేని మనిషికి ముందు గాలి దారి, తరవాతే ఫొటో.

రక్తంలో తెల్లకణాలు, సీఆర్‌పీ, షుగరు, క్రియాటినిన్ చూస్తారు. జ్వరం ఎక్కువగా ఉంటే మందు మొదలుపెట్టే ముందే బ్లడ్ కల్చర్ తీస్తారు. చీమును దూది పుల్లతో కాకుండా సిరంజిలోకి లాగి పంపితేనే ప్రాణవాయువు గిట్టని సూక్ష్మజీవులు ల్యాబుకు బతికి చేరతాయి. గడ్డ గోడ నుంచి చిన్న ముక్క బయాప్సీకి పంపడం పెద్దవారిలో మానకూడదు. నలభై దాటినవారిలో, పొగాకు అలవాటున్నవారిలో, లోపల కుళ్ళిన కేన్సర్ గ్రంథి చీముగడ్డ వేషంలో వస్తుంటుంది. కోసి కట్టుకట్టి పంపిస్తే, అసలు జబ్బు నెలల తరవాత గాని బయటపడదు.

చికిత్స

మొదటి పని ఊపిరి నిలబెట్టడం. కూర్చోబెట్టి ఆక్సిజన్ ఇస్తారు. వాపు తగ్గడానికి డెక్సామెథసోన్, నెబ్యులైజర్‌లో అడ్రినలిన్ ఇస్తే కాస్త వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిని థియేటరు సిద్ధం చేసుకోవడానికి వాడుకోవాలి గాని ఎదురుచూడటానికి కాదు. నోరు తెరుచుకోని, గొంతు వంకరపోయిన రోగికి పూర్తిగా మత్తిచ్చి గొట్టం వేయబోతే కండరాలు సడలి ఉన్న దారి కూడా పోతుంది. గుడ్డిగా నెట్టిన గొట్టం గడ్డను చిట్లగొడితే చీము ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అందుకే రోగి మెలకువగా ఉండగానే ముక్కు గుండా ఫైబర్ ఆప్టిక్ స్కోప్ మీదుగా గొట్టం వేస్తారు. అది కుదరకపోతే మెడలో చర్మానికి మాత్రం మత్తిచ్చి ట్రెకియాస్టమీ చేస్తారు. మెడకు రంధ్రం అనగానే బంధువులు జడుసుకుంటారు. వాపు తగ్గాక దాన్ని తీసేస్తారనీ, రంధ్రం తనంతట తానే పూడుతుందనీ, మాట తిరిగి వస్తుందనీ ముందే చెప్పడం మంచిది.

మందులు సిర గుండానే. యాంపిసిలిన్-సల్‌బాక్టమ్ 3 గ్రాములు ఆరు గంటలకోసారి, లేదా సెఫ్‌ట్రయాక్సోన్‌తో మెట్రోనిడజోల్ కలిపి మొదలుపెట్టడం సాధారణ పద్ధతి. షుగరు ఉన్నవారికి, రోగనిరోధకశక్తి తగ్గినవారికి పిపరాసిలిన్-టాజోబాక్టమ్ వంటి విస్తృత మందు వాడతారు. మొండి స్టెఫైలోకాకస్ అనుమానం ఉంటే వాంకోమైసిన్ గాని లినెజోలిడ్ గాని చేరుస్తారు. గొంతునొప్పి అనగానే మందుల షాపులో మూడు రోజుల అజిత్రోమైసిన్ పట్టీ ఇచ్చేయడం మన ఊళ్ళలో రివాజు. ఫ్యూసోబ్యాక్టీరియం దానికి సరిగా లొంగదు. నొప్పి కాస్త తగ్గినట్టే ఉండి లోపల గడ్డ కట్టడానికి సమయం దొరుకుతుంది. షుగరును ఇన్సులిన్‌తో అదుపులోకి తేవడం ఈ మందులతో సమానమైన చికిత్స. స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు అది ఇంకా అవసరం.

గడ్డ రెండున్నర సెంటీమీటర్లకు లోపు ఉండి, ఊపిరికి ఇబ్బంది లేక, ఒకే గదిలో ఉంటే ఒకటి రెండు రోజులు మందులతోనే చూడవచ్చు. 48 గంటల్లో జ్వరం, నొప్పి దిగకపోతే మళ్ళీ స్కాన్ తీయించి కోతకు సిద్ధం కావాలి. అంతకంటే పెద్ద గడ్డలో చీము బయటికి రావాల్సిందే.

క్విన్సీలో అది కుర్చీలో కూర్చోబెట్టి చేసే పని. లిగ్నొకెయిన్ స్ప్రే కొట్టి, లావు సూదికి దాని మూతనే కత్తిరించి తొడిగి, కొన ఒక్క సెంటీమీటరు మాత్రమే బయట ఉండేలా చూసుకుంటారు. కెరోటిడ్ ధమని టాన్సిల్‌కు వెనకగా, పక్కగా సుమారు రెండు, రెండున్నర సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది కనుక ఈ జాగ్రత్త. కొండనాలుక పక్కన ఎక్కువగా ఉబికిన చోట గుచ్చి లాగితే చిక్కని, దుర్వాసన వేసే చీము సిరంజిలోకి వస్తుంది. అయిదు మిల్లీలీటర్లు తీసినా చాలు, రోగి గొంతు అక్కడికక్కడే మారుతుంది. రాకపోతే కాస్త కిందికి మరోసారి గుచ్చుతారు, లేదా చిన్న గాటు పెడతారు. పదిమందిలో ఒకరిద్దరికి మళ్ళీ వస్తుంది. పదేపదే వచ్చేవారికి తరవాత టాన్సిల్స్ తీస్తారు.

లోతు గడ్డలకు కోత మెడ మీద. దవడ అంచుకు రెండు వేళ్ళ కిందుగా గాటు పెడతారు, కింది పెదవిని కదిలించే సన్ననరం దవడ అంచు వెంబడే పోతుంది కాబట్టి. పొరలను కత్తితో కాకుండా ఆర్టరీ ఫోర్సెప్స్‌తోనూ వేలితోనూ విడదీస్తారు. హయాయిడ్ ఎముక, కెరోటిడ్ తొడుగు దారి చూపుతాయి. చీము తగిలాక వేలు పోనిచ్చి లోపలి అడ్డుగోడలను విరగ్గొట్టకపోతే పక్క అరలో చీము మిగిలిపోతుంది. సెలైన్‌తో కడిగి రబ్బరు డ్రెయిన్ పెట్టి గాయాన్ని వదులుగా ఉంచుతారు. కారణమైన పన్నును వీలైతే అదే మత్తులో పీకేస్తారు. దాన్ని వదిలి గడ్డ ఒక్కటే కోస్తే పని సగమే అయినట్టు. గొంతు వెనక మధ్యలో ఉన్న గడ్డను మాత్రం నోటి నుంచే, తల కిందికి దించి, సక్షన్ నడుస్తుండగా తెరుస్తారు.

క్షయ గడ్డకు పద్ధతి వేరు. నోటి నుంచి తెరిస్తే నోటి సూక్ష్మజీవులు లోపల చేరి చీము నెలల తరబడి కారుతుంది. అందుకని మెడ పక్క నుంచే తీస్తారు. వారాల తరబడి మెల్లగా పెరిగిన వాపు, అంతగా నొప్పి లేకపోవడం, మెడ తిప్పితే వెన్నులో పోటు, బరువు తగ్గడం ఉంటే చీమును సీబీ-నాట్ పరీక్షకు పంపాలి. వెన్నుపూస క్షయకు మందులు కనీసం పన్నెండు నెలలు, ప్రభుత్వ క్షయ కార్యక్రమంలో ఉచితంగా.

ఉపద్రవాలు

చీము ఛాతీ మధ్యకు దిగడం అన్నిటికంటే భయంకరమైనది. కోత పెట్టాక కూడా జ్వరం దిగకపోయినా, రెండోరోజు ఛాతీ బరువెక్కినా, ఆయాసం వచ్చినా మళ్ళీ స్కాన్ తీయాలి. చీము గాలిగొట్టం రెండుగా చీలే చోటుకు పైనే ఆగితే మెడ నుంచే తీయవచ్చు. దాటితే ఛాతీ సర్జను అవసరం.

జుగులార్ సిరలో రక్తం గడ్డకట్టి, ఆ చీముతుంపులు ఊపిరితిత్తుల్లో చిన్నచిన్న గడ్డలు లేపడాన్ని లెమియర్ సిండ్రోమ్ అంటారు. ఫ్రెంచి వైద్యుడు ఆంద్రే లెమియర్ 1936లో 20 మంది రోగులను వివరించాడు. వారిలో 18 మంది చనిపోయారు. గొంతునొప్పి తగ్గిన వారంలోపు చలిజ్వరం, మెడలో ఒక పక్క నొప్పి, దగ్గు వచ్చిన యువకుడిలో దీన్ని తలచుకోవాలి. ఇప్పుడు వారాల పాటు యాంటీబయాటిక్ ఇస్తే చాలామంది బతుకుతున్నారు. రక్తం పలచబడే మందు ఇవ్వాలా వద్దా అన్నది ఇంకా తేలని చర్చ. చెవి నుంచో నోటి నుంచో అప్పుడప్పుడు కొద్దిగా రక్తం రావడం కెరోటిడ్ గోడ దెబ్బతిన్నదనడానికి ముందస్తు సూచన కావచ్చు. కనురెప్ప వాలి కంటిపాప చిన్నదైనా అదే వైపు అనుమానించాలి.

తరవాత

జ్వరం దిగి, డ్రెయిన్‌లో చీము ఆగి, మింగడం వచ్చాక సిర మందులు ఆపి అమాక్సిసిలిన్-క్లావులనేట్ వంటి మాత్రలకు మారతారు. మొత్తం మీద రెండు మూడు వారాలు పడుతుంది. మింగడం వచ్చేదాకా చాలామందికి ముక్కు గొట్టం గుండానే జావ, పాలు. నోరు తెరుచుకోకపోవడం చీముతో పాటు తగ్గిపోదు. రోజుకు కొన్నిసార్లు పళ్ళ మధ్య ఐస్‌క్రీం పుల్లలు ఒక్కొక్కటిగా పెంచుతూ పెట్టే వ్యాయామం నేర్పి పంపుతారు.

అదే చోట, అదీ మెడ ఎడమ పక్కన, థైరాయిడ్ దగ్గర గడ్డ రెండోసారో మూడోసారో లేస్తే పుట్టుకతో మిగిలిన సన్నదారి ఉందేమో వెతకాలి. గొంతు అడుగున పైరిఫార్మ్ సైనస్ అనే గుంట నుంచి థైరాయిడ్ వైపు పోయే ఈ దారి ఎక్కువగా ఎడమవైపే ఉంటుంది. వాపు పూర్తిగా తగ్గాక బేరియం మింగించి ఎక్స్‌రే తీస్తే గీతలా కనబడుతుంది. మత్తులో స్కోప్‌తో దాని నోటిని గుర్తించి కాల్చి మూసేస్తారు, లేదా మెడ నుంచి దారి మొత్తాన్ని తీసేస్తారు.